నాణెం అడగని ఆటశాల

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఓక్లాండ్ నగరాన్ని ఆనుకొని అలమీడా అనే ద్వీప పట్టణం ఉంది. అక్కడి పసిఫిక్ పిన్‌బాల్ మ్యూజియంలో ప్రవేశ రుసుము ఒక్కసారి చెల్లిస్తే చాలు, లోపలి యంత్రాలపై ఎన్నిసార్లు ఆడినా మరో పైసా అడగరు. మ్యూజియం అనగానే ‘తాకరాదు’ అన్న పలక గుర్తొస్తుంది; ఇక్కడ తాకకపోతే చూసినట్టే కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మనుమలను చూసేందుకు అక్కడికి వెళ్ళే దాదాలు, నానీలు పిల్లలతో కలిసి ఒక పూట గడపడానికి తగిన చోటు ఇది.

పిన్‌బాల్ అంటే అద్దం కింద వాలుగా అమర్చిన బల్ల. స్ప్రింగు కడ్డీ లాగి వదిలితే సుమారు 80 గ్రాముల ఉక్కు బంతి పైకి దూసుకుపోయి, అడ్డంకులను తాకుతూ, గంటలు మోగిస్తూ కిందికి దొర్లుతుంది. అడుగున ఉన్న ఫ్లిప్పర్లనే రెండు చిన్న రెక్కలతో దానిని తిరిగి పైకి కొట్టాలి. బంతి జారిపోయిందా, ఆ వంతు ముగిసినట్టే.

మన ఇళ్ళలో ముందుగా తలెత్తే ప్రశ్న వేరు: ఇది జూదం కాదు గదా? ఆ అనుమానం అకారణమైనది కాదు. 1931లో చికాగోకు చెందిన డేవిడ్ గాట్లీబ్ ‘బాఫిల్ బాల్’ యంత్రాన్ని తెచ్చినప్పుడు ఫ్లిప్పర్లు లేవు. బంతిని వదిలాక బల్లను కాస్త కుదపడం తప్ప ఆటగాని చేతిలో ఏమీ ఉండేది కాదు. ఆ దశకంలోనే గెలిచినవారికి నాణేలు రాల్చే యంత్రాలూ వచ్చాయి. 1942లో న్యూయార్క్ మేయర్ ఫియొరెల్లో లా గార్డియా పిన్‌బాల్‌ను నిషేధించి, యంత్రాలను సుత్తులతో పగులగొట్టించారు. ఆ నిషేధాన్ని నేడు చాలామంది వెక్కిరిస్తారు గాని, డబ్బు ఆశ చూపే యంత్రాన్ని ఆపడంలో తప్పేమున్నది? 1947లో ‘హంప్టీ డంప్టీ’ యంత్రంతో ఫ్లిప్పర్లు వచ్చి ఆట చేతి నేర్పుగా మారిపోయాక కూడా చట్టం మూడు దశాబ్దాలు కదలకపోవడమే వింత. చివరకు 1976లో రోజర్ షార్ప్ అనే యువ రచయిత నగర మండలి సంఘం ఎదుట ఆడి చూపాడు. బంతి ఏ దారిన పోతుందో ముందే చెప్పి, ఆ దారినే పంపాడు. నిషేధం తొలగిపోయింది.

జూదం తొలగినా నాణెం మిగిలింది. నాణేలతో నడిచే ఆటశాలలో బంతి త్వరగా జారిపోతేనే యజమానికి లాభం. బల్ల వెనుక కాళ్ళను కాస్త ఎత్తితే వాలు పెరిగి ఆట తొందరగా ముగుస్తుంది! ఒకే రుసుము పద్ధతిలో ఈ లెక్కకు తావు లేదు. ఓడిన పిల్లవాడు తండ్రి జేబు వంక చూడడు, మీట నొక్కి మళ్ళీ మొదలుపెడతాడు. ‘డబ్బు దండగ’ అని దూరంగా నిలబడే నానీ కూడా ఒక బంతి వదిలి చూస్తుంది. అయితే నాణేలు అయిపోతే ఆట ఆగేది. ఇక్కడ ఆపేవారు లేరు. ఎన్ని గంటలో, మధ్యలో నమాజు ఎక్కడో, తలుపు దాటక ముందే నిర్ణయించుకోవడం మంచిది.

పిల్లలకు ముందుగా చూపవలసినది పారదర్శకమైన పెట్టెతో తయారుచేసిన యంత్రం. విద్యుదయస్కాంతాలు ఎలా లాగుతాయో, అంకెల చక్రాలు ఎలా తిరుగుతాయో అందులో కళ్ళారా కన్పిస్తుంది. సైన్సు పుస్తకంలోని చుట్టిన తీగ బొమ్మ ఇక్కడ చప్పుడు చేస్తూ పనిచేస్తుంది. పెద్దలకు ఒక మాట: పాత యంత్రాల అద్దాలపై కొన్నింటిలో అర్ధనగ్న స్త్రీల చిత్రాలుంటాయి. పసివారిని తీసుకువెళ్ళేటప్పుడు ఏ వరుస నుంచి మొదలుపెట్టాలో మీరే ఎంచుకోండి.

ఆటలో బల్లను మెల్లగా నెట్టవచ్చు, అది అనుమతించినదే. గట్టిగా కుదిపితే మాత్రం లోపల కంకణం మధ్య వేలాడే లోహపు గుండు దాని అంచుకు తగులుతుంది. ‘టిల్ట్’ అన్న దీపం వెలిగి ఫ్లిప్పర్లు చచ్చుబడతాయి, బంతి చేజారుతుంది.