మురికి ఆయిల్ మేలా, అసలు ఆయిలే లేకపోవడం మేలా?

1955లో షెవ్రొలే కంపెనీ కొత్త వీ8 ఇంజిన్ తెచ్చింది. 265 క్యూబిక్ ఇంచులు, అంటే దాదాపు 4.3 లీటర్లు. కానీ దాని బ్లాకులో ఆయిల్ ఫిల్టర్‌కి చోటే లేదు! కావాలంటే ఎక్స్‌ట్రా డబ్బులు కట్టి బయట తగిలించుకోవాలి. ఇది చదివి "ఇంత పెద్ద కంపెనీకి ఈ మాత్రం తెలీదా?" అనుకున్నాను. తర్వాత అర్థమైంది, తెలియనిది నాకేనని.

ముందు ప్రాబ్లం చూద్దాం. తిరిగే క్రాంక్‌షాఫ్ట్‌కీ బేరింగ్‌కీ మధ్య ఉండేది కొన్ని మైక్రాన్ల ఆయిల్ పొర మాత్రమే. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. కాబట్టి కంటికి కనపడని ఇనుప రజను కూడా బేరింగ్‌ని గీరేస్తుంది. సరే, సన్నటి ఫిల్టర్ పెడదామా? అది త్వరగా మూసుకుపోతుంది. ఆయిల్ ఆగితే కాసేపట్లోనే ఇంజిన్ పట్టేస్తుంది. పాత కార్ల డిజైన్లన్నీ ఈ గొడవకి జవాబులే.

మొదటిది ఉత్త జల్లెడ. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో ఉన్నది ఇదే. టీ వడకట్టే జాలీ లాంటిదన్నమాట. పెద్ద ముక్కల్నే ఆపుతుంది. సన్న మురికి పోవాలంటే ఆ 2.5 లీటర్ల ఆయిల్‌ని తరచూ మార్చడమే దారి.

రెండోది బైపాస్ ఫిల్టర్. 1955 షెవ్రొలేకి బయట తగిలించేది ఈ రకమే. పంపు నుంచి ఎక్కువ ఆయిల్ నేరుగా బేరింగులకి పోతుంది. కొద్ది భాగం మాత్రం ఫిల్టర్‌లోంచి వెళ్లి మళ్లీ కింది సంప్‌లో పడుతుంది. ఫిల్టర్ పూర్తిగా మూసుకుపోయినా బేరింగులకి ఆయిల్ ఆగదు, కాబట్టి ఎంత సన్నటిదైనా పెట్టొచ్చు. మన కిడ్నీలూ ఇంతే, గుండె పంపే రక్తంలో ఐదో వంతే ఒకసారికి వాటి దగ్గరికి వెళ్తుంది.

నేను చిన్న లూప్ రాసి చూశాను. రౌండుకి 10 శాతం ఆయిల్ పూర్తిగా శుభ్రమవుతుందనుకుంటే, 7 రౌండ్లకి సగం మురికి పోతుంది, 22 రౌండ్లకి పదో వంతే మిగులుతుంది. బాగానే ఉంది కదా! కానీ ఇప్పుడే ఊడిన ఇనుప ముక్క ఫిల్టర్ కంటే ముందు బేరింగ్‌కే వెళ్లొచ్చు. అక్కడ యావరేజ్ లెక్కలు ఆదుకోవు.

అందుకే మూడోది, ఫుల్ ఫ్లో. 1956లో అదే షెవ్రొలే ఇంజిన్ బ్లాకు మార్చి ఇది పెట్టారు. మొత్తం ఆయిల్ ముందు ఫిల్టర్‌లోంచి వెళ్లాకే బేరింగులకి. మొత్తం ప్రవాహం పట్టాలి కాబట్టి ఫిల్టర్ కొంచెం ముతకగా ఉండాలి. పక్కన ఒక వాల్వ్ కూడా ఉండాలి. ఫిల్టర్ మూసుకుపోయినా, చలికి ఆయిల్ చిక్కబడినా ఆ వాల్వ్ తెరుచుకుని, వడకట్టని ఆయిల్‌నే బేరింగులకి పంపేస్తుంది. ఏమీ లేకపోవడం కంటే మురికి ఆయిల్ నయం!

నాలుగోది నాకు బాగా నచ్చింది. 1957 ఫియట్ 500లో కాగితం ఫిల్టరే లేదు. క్రాంక్‌షాఫ్ట్ చివరి పుల్లీలోనే బోలు గది ఉంటుంది. రంగులరాట్నం మనల్ని బయటికి విసిరినట్టు, అది తిరిగే స్పీడుకి బరువైన మురికి గోడలకి అంటుకుపోతుంది. మన దగ్గర తిరిగే కొన్ని 100 సీసీ బైకుల్లోనూ ఇలాంటిదే ఉంటుంది. తేలికైన మురికి మాత్రం తప్పించుకుంటుంది. అప్పుడప్పుడు విప్పి గీకాలి.

ఏది బెస్ట్? ఫుల్ ఫ్లోనే నిలిచింది. కానీ దాని వాల్వ్ తెరుచుకుంటే డాష్‌బోర్డ్‌లో ఎర్ర లైట్ వెలగదు. ఆ లైట్ చూసేది ప్రెషర్‌ని, శుభ్రతని కాదు. ఇది చదివి ఉలిక్కిపడ్డాను. నా మినీ ప్రాజెక్టులో నేను ట్రై-ఎక్సెప్ట్ రాసి, ఎక్సెప్ట్ కింద పాస్ అని పెట్టా. రెండు వారాలు తప్పు డేటా డేటాబేస్‌లోకి పోయింది, ఒక్క ఎర్రర్ రాలేదు. ఆగకుండా నడవడం మంచిదే. కానీ ఇంజిన్ వాళ్లు వాల్వ్‌తో పాటు, ఇన్ని కిలోమీటర్లకి ఫిల్టర్ మార్చాలనే రూల్ కూడా పెట్టారు. నేను వాల్వ్ ఒక్కటే కాపీ కొట్టాను.