క్లౌడ్ పీసీలో ‘అడ్మిన్’ రైట్స్ అడుగుతున్నారా? ఆ ఒక్క టిక్ వెనకున్న అసలు రిస్క్ ఇదే..!

ఇంట్లో సొంత ల్యాప్‌టాప్.. అందులో ఒక విండో.. ఆ విండో లోపల ఆఫీస్ కంప్యూటర్! వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్లలో చాలామందికి ఇది రోజూ కనిపించే సీనే. ఆ ఆఫీస్ కంప్యూటర్ టేబుల్ మీద ఉండదు. ఎక్కడో డేటా సెంటర్‌లో నడుస్తుంటుంది. దాన్నే క్లౌడ్ పీసీ అని, వర్చువల్ డెస్క్‌టాప్ అని అంటున్నారు. అంతా బాగానే ఉంటుంది కానీ.. కొత్త సాఫ్ట్‌వేర్ ఏదైనా వేసుకోబోతే మాత్రం ‘అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వండి’ అంటూ ఒక బాక్స్ వచ్చేస్తుంది. అక్కడే ఉద్యోగికి, ఐటీ టీమ్‌కి మధ్య గొడవ మొదలవుతుంది. ఇంతకీ ఈ రైట్స్ ఎవరికి ఇవ్వాలి? ఎంతసేపు ఇవ్వాలి?

20వ తేదీ టెన్షన్

ఉదాహరణకు విజయవాడలో ఇంటి నుంచి పనిచేసే ఒక అకౌంటెంట్‌ని అనుకోండి. ప్రతి నెలా జీఎస్టీఆర్-3బీ వేసే సంస్థలకు సాధారణంగా 20వ తేదీ గడువు. రిటర్న్‌పై డిజిటల్ సంతకం పెట్టాలంటే యూఎస్‌బీ టోకెన్ డ్రైవర్ ఉండాలి. జీఎస్టీ పోర్టల్ ఇచ్చే ఎంసైనర్ అనే టూల్ కూడా ఉండాలి. వీటిని ఇన్‌స్టాల్ చేయడానికి అడ్మిన్ అనుమతి కావాలి. గడువు దాటితే రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు.

సాయంత్రం 6 దాటింది. ఐటీ టికెట్‌కి రిప్లై లేదు. మేనేజర్ ఫోన్ చేసి ‘అతనికి అడ్మిన్ ఇచ్చేయండి’ అంటాడు. ఐటీ అబ్బాయి ఒక టిక్ పెడతాడు. పని అయిపోతుంది. కానీ ఆ టిక్ తీయడం ఎవరికీ గుర్తుండదు. ఆరు నెలల తర్వాత కూడా ఆ అకౌంటెంట్ అడ్మిన్‌గానే ఉంటాడు. ఇదీ అసలు సమస్య!

లోకల్ అడ్మిన్ అంటే ఏంటి?

విండోస్‌లో ప్రధానంగా రెండు రకాల అకౌంట్లు ఉంటాయి. ఒకటి స్టాండర్డ్ యూజర్, రెండోది అడ్మినిస్ట్రేటర్. స్టాండర్డ్ యూజర్ తన ఫైల్స్ చూసుకోవచ్చు, ఉన్న యాప్‌లు వాడుకోవచ్చు. అడ్మిన్ అయితే డ్రైవర్లు వేయొచ్చు, సెక్యూరిటీ సెట్టింగ్స్ మార్చొచ్చు. అదే మెషీన్‌లో ఉన్న వేరేవాళ్ల ఫైల్స్ తెరవొచ్చు. ఇంకో అడ్మిన్ అకౌంట్ కూడా సృష్టించొచ్చు.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఉద్యోగి మంచివాడా, కాదా అన్నది అసలు ప్రశ్నే కాదు. అతను పొరపాటున ఒక ఫేక్ ఇన్‌వాయిస్ అటాచ్‌మెంట్ మీద క్లిక్ చేశాడనుకోండి. లోపలికి వచ్చిన వైరస్ అతని అధికారాలతోనే పనిచేస్తుంది. అతను స్టాండర్డ్ యూజర్ అయితే నష్టం చాలావరకు అతని పరిధికే ఆగే అవకాశం ఉంది. అడ్మిన్ అయితే మొత్తం మెషీన్ దాని చేతిలోకి పోవచ్చు.

ఇది కొత్త సంగతేం కాదు. పనికి సరిపడా అధికారమే ఇవ్వాలి, అంతకు మించి వద్దు.. అనే సూత్రాన్ని కంప్యూటర్ శాస్త్రవేత్తలు జెరోమ్ సాల్ట్‌జర్, మైఖేల్ ష్రోడర్ 1975లోనే తమ పరిశోధనా పత్రంలో రాశారు.

‘క్లౌడ్‌లోనే ఉంది కదా.. ఏమవుతుంది?’

చాలామంది చేసే వాదన ఇదే. పాడైతే మెషీన్‌ని డిలీట్ చేసి కొత్తది పెట్టుకోవచ్చు కదా అంటారు. సగం నిజమే. విండోస్ 365 క్లౌడ్ పీసీని పాత రీస్టోర్ పాయింట్‌కి వెనక్కి తీసుకెళ్లొచ్చు. కానీ మెషీన్ వెనక్కి వస్తుంది.. బయటికి పోయిన డేటా వెనక్కి రాదు. దొంగిలించిన పాస్‌వర్డ్ కూడా రాదు. పైగా ఈ క్లౌడ్ పీసీ చాలాసార్లు కంపెనీ లోపలి నెట్‌వర్క్‌కి కనెక్ట్ అయి ఉంటుంది. అంటే ఒక మెషీన్ నుంచి పక్క సర్వర్‌కి దారి దొరికినట్టే.

ఒక్కో సర్వీస్‌ది ఒక్కో లెక్క

అన్ని క్లౌడ్ డెస్క్‌టాప్‌లు ఒకేలా ఉండవు. ఇది తెలియకే చాలా చోట్ల పొరపాట్లు జరుగుతుంటాయి.

విండోస్ 365 ఎంటర్‌ప్రైజ్: 2021 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ తెచ్చిన సర్వీస్ ఇది. ఇందులో ఉద్యోగి మొదట స్టాండర్డ్ యూజర్‌గానే ఉంటాడు. ఇన్‌ట్యూన్ అనే మేనేజ్‌మెంట్ టూల్‌లో ‘యూజర్ సెట్టింగ్స్’ దగ్గర లోకల్ అడ్మిన్ ఆప్షన్ ఉంటుంది. అది ఆన్ చేసి ఒక గ్రూప్‌కి ఇస్తే ఆ గ్రూప్‌లో ఉన్న ప్రతి ఒక్కరూ తమ తమ క్లౌడ్ పీసీల్లో అడ్మిన్ అయిపోతారు. ఒక్కరి కోసం ‘ఫైనాన్స్ టీమ్’ గ్రూప్ మొత్తానికి ఇచ్చేస్తే.. టీమ్ అంతా అడ్మిన్లే!

అమెజాన్ వర్క్‌స్పేసెస్: ఇక్కడ లెక్క పూర్తిగా రివర్స్. డిఫాల్ట్‌గానే యూజర్ లోకల్ అడ్మిన్‌గా ఉంటాడు. వద్దనుకుంటే డైరెక్టరీ సెట్టింగ్స్‌లో ఆఫ్ చేయాలి. అయితే అసలు ట్విస్ట్ ఇక్కడే ఉంది. ఆ మార్పు కొత్తగా తయారు చేసే వర్క్‌స్పేస్‌లకి, రీబిల్డ్ చేసిన వాటికి మాత్రమే వర్తిస్తుంది. అప్పటికే నడుస్తున్న పాత వాటిలో అడ్మిన్లు అడ్మిన్లుగానే ఉంటారు.

అజూర్ వర్చువల్ డెస్క్‌టాప్: మైక్రోసాఫ్ట్ ఎంట్రా ఐడీతో జాయిన్ చేసిన మెషీన్లలోకి లాగిన్ అవ్వడానికి ఉద్యోగికి ఒక రోల్ ఇవ్వాలి. ‘వర్చువల్ మెషీన్ యూజర్ లాగిన్’ ఒకటి, ‘వర్చువల్ మెషీన్ అడ్మినిస్ట్రేటర్ లాగిన్’ ఇంకొకటి. పేర్లు దాదాపు ఒకటే. తొందరలో రెండోది ఇచ్చారా.. లాగిన్‌తో పాటే అడ్మిన్ అధికారం కూడా వెళ్లిపోతుంది.

ఒకే మెషీన్‌ని పలువురు పంచుకుంటే?

ఖర్చు తగ్గించడానికి కొన్ని కంపెనీలు ఒకే వర్చువల్ మెషీన్‌ని ఒకేసారి చాలామందికి ఇస్తాయి. దీన్నే మల్టీ సెషన్ అంటారు. ఇక్కడ ఒకరికి అడ్మిన్ ఇస్తే అది అతని కంప్యూటర్‌కి పరిమితం కాదు. అదే మెషీన్‌లో ఉన్న మిగతా వాళ్ల ఫైల్స్, సెషన్స్ అన్నీ అతని చేతిలో ఉన్నట్టే. అందుకే ఇలాంటి చోట యూజర్లకి అడ్మిన్ ఇవ్వకపోవడమే మంచిది. కావాల్సిన యాప్‌ని మాస్టర్ ఇమేజ్‌లోనే వేసి అందరికీ ఇవ్వాలి.

‘తీసేశాం’ అనుకుంటే సరిపోదు

గ్రూప్ నుంచి పేరు తీసేసిన వెంటనే పని అయిపోయినట్టు కాదు. అప్పటికే లాగిన్ అయి ఉన్న సెషన్ పాత అధికారంతోనే నడుస్తుంది. ఎంట్రా ఐడీలోని డివైజ్ అడ్మినిస్ట్రేటర్ రోల్ అయితే మార్పు అమలు కావడానికి 4 గంటల వరకు పట్టొచ్చు. యూజర్ సైన్ ఔట్ అయి మళ్లీ రావాలి కూడా. పైగా ఈ రోల్ ఒక్క మెషీన్‌కి ఇచ్చేది కాదు. ఎంట్రాలో జాయిన్ అయిన విండోస్ మెషీన్లన్నింటికీ వర్తిస్తుంది. ఒక అకౌంటెంట్ డ్రైవర్ కోసం దీన్ని ఇవ్వడం అంటే.. ఒక్క గది అద్దెకిచ్చి అపార్ట్‌మెంట్ తాళాలన్నీ చేతిలో పెట్టడమే!

అడ్మిన్‌గా ఉన్న సమయంలో వేరే అకౌంట్ ఏదైనా సృష్టించారేమో కూడా చూసుకోవాలి. ఇన్‌ట్యూన్‌లో లోకల్ గ్రూప్ మెంబర్‌షిప్ పాలసీ ఉంది. అందులో ‘రీప్లేస్’ ఆప్షన్ వాడితే మనం ఇచ్చిన లిస్టులో లేని వాళ్లని అడ్మిన్ గ్రూప్ నుంచి తీసేస్తుంది. విండోస్ బిల్ట్-ఇన్ అడ్మిన్ అకౌంట్ మాత్రం ఉంటుంది.

మరి దారేంటి?

అలాగని ఐటీ టీమ్ అన్నింటికీ ‘నో’ అంటే కుదరదు. గడువు దగ్గరపడిన ఉద్యోగి ఊరుకోడు. ఆఫీస్ ఫైల్‌ని సొంత ల్యాప్‌టాప్‌లోకి పంపుకుని అక్కడ పని కానిస్తాడు. అది ఇంకా పెద్ద ప్రమాదం. అందుకే మనిషికి కాదు.. పనికి అధికారం ఇవ్వాలి.

* అందరూ వాడే యాప్‌లు, డ్రైవర్లని ఐటీ టీమే ముందుగా కంపెనీ పోర్టల్‌లో పెట్టాలి. ఉద్యోగి ఒక్క క్లిక్‌తో వేసుకుంటాడు. అడ్మిన్ అవసరమే రాదు.

* ఎండ్‌పాయింట్ ప్రివిలేజ్ మేనేజ్‌మెంట్ అనే ఫీచర్‌తో ఫలానా ఫైల్‌ని మాత్రమే అడ్మిన్ అధికారంతో నడిపించొచ్చు. ఉద్యోగి అకౌంట్ మాత్రం స్టాండర్డ్‌గానే ఉంటుంది. రిక్వెస్ట్ పెడితే ఐటీ టీమ్ అప్రూవ్ చేసే పద్ధతి కూడా ఉంది. దీనికి అదనపు లైసెన్స్ అవసరం కావచ్చు.

* అన్ని మెషీన్లకీ ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టకూడదు. 2023 ఏప్రిల్ అప్‌డేట్‌తో విండోస్‌లోనే ల్యాప్స్ అనే ఫీచర్ వచ్చింది. ఐటీ టీమ్ దీన్ని ఆన్ చేస్తే ఒక్కో మెషీన్‌కి ఒక్కో పాస్‌వర్డ్ పెట్టి, డిఫాల్ట్‌గా 30 రోజులకోసారి మార్చేస్తుంది.

* తప్పనిసరై అడ్మిన్ ఇస్తే.. ఇచ్చిన రోజే తీసే తేదీ కూడా టికెట్‌లో రాసుకోవాలి.

ఉద్యోగులు ఏం చేయాలి?

ముందు మీరు అడ్మినా, కాదా చూసుకోండి. ఏదైనా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వచ్చే బాక్స్‌లో మామూలుగా ‘యస్, నో’ మాత్రమే అడిగితే మీరు అడ్మిన్. వేరే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగితే స్టాండర్డ్ యూజర్. అవసరం లేకుండా అడ్మిన్‌గా ఉంటే ఐటీ టీమ్‌కి మీరే చెప్పేయండి. రేపు ఏదైనా జరిగితే మొదట ప్రశ్నలు వచ్చేది మీకే.

టికెట్ పెట్టేటప్పుడు ‘అడ్మిన్ కావాలి’ అని రాయొద్దు. యాప్ పేరు, డౌన్‌లోడ్ చేసే అధికారిక సైట్, ఏ పనికి, ఏ తేదీలోగా కావాలో రాయండి. యూఎస్‌బీ టోకెన్ వాడేవాళ్లు ఆ విషయం కూడా చెప్పాలి. ఎందుకంటే టోకెన్‌ని ఇంట్లోని ల్యాప్‌టాప్‌కి గుచ్చితే సరిపోదు.. క్లౌడ్ పీసీలోకి వెళ్లేలా ఐటీ వాళ్లు సెట్టింగ్ ఇవ్వాలి.

చట్టం ఏం చెబుతోంది?

సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం నిర్దేశించిన సైబర్ ఘటనలని గుర్తించిన 6 గంటల్లోగా రిపోర్ట్ చేయాలి. లాగ్స్‌ని 180 రోజులు దాచాలి. అడ్మిన్ అధికారం చేజిక్కిన వైరస్ మెషీన్‌లోని లాగ్స్‌నే చెరిపేయగలదు. అందుకే లాగ్స్‌ని వేరే చోటికి పంపి దాచడం ముఖ్యం. ఇక వ్యక్తిగత డేటా రక్షణ చట్టం-2023 ప్రకారం తగిన భద్రత చర్యలు తీసుకోని సంస్థకి 250 కోట్ల రూపాయల వరకు పెనాల్టీ పడొచ్చు.

కాబట్టి 20వ తేదీ సాయంత్రం దాకా ఆగొద్దు. 10వ తేదీకే టికెట్ పెట్టండి. ఐటీ టీమ్‌లూ.. ఇవాళే ఒకసారి అడ్మిన్ల లిస్ట్ తెరిచి చూడండి. అందులో ఎప్పుడో ‘ఈ ఒక్కసారికి’ అని చేర్చిన పేర్లు ఇంకా ఉన్నాయేమో!