పెరటి పక్షులు - వాని ఛాయాచిత్రములు

సంక్రాంతి వెళ్ళి మాఘము ప్రవేశించుసరికి మన గుంటూరు, ప్రకాశము ప్రాంతముల యిల్లాండ్రకు క్షణము తీరిక యుండదు. పత్తితీతలు కడపటికి వచ్చుచుండును. మిరపకల్లములు ఎఱ్ఱని తివాచీలవలె పరచుకొనును. ఈ సందడిలో పెరటికి ఏ పిట్ట వచ్చినదో, ఏది పోయినదో చూచుటకు తీరిక యెక్కడిదని సోదరీమణులు మమ్ము అడుగవచ్చును. కాని యీ అతిథులు మన పనికి అడ్డురారు. మన పనినిబట్టియే వత్తురు. బియ్యము చెరిగినచోట నూకలకొఱకు, అంట్లు తోమినచోట మెతుకులకొఱకు, నీరు పాఱబోసినచోట ఆ తడికొఱకు పిచ్చుకలు, గోరువంకలు, గువ్వలు, కాకులు చేరును. వానిని పిలిచి, నిలువబెట్టి, బొమ్మ తీసి యానందించు విద్యను గూర్చి నాలుగు మాటలు వ్రాయ నుద్దేశించినాము.

పాశ్చాత్యదేశములలో పక్షులకు మేతపెట్టెలను అంగళ్ళలో అమ్ముదురు. ఆ పనిని మనదేశమున వరికంకుల కుచ్చు చిరకాలమునుండి చేయుచున్నది. డెల్టా గ్రామములలో కోతలనాడు కంకులను జడవలె అల్లి దేవాలయ మండపములలోను, ఇంటి వసారాలలోను వ్రేలగట్టు ఆచారము మన మెఱిగినదే. మెట్టప్రాంతపువారు వరి లేదని చింతింప బనిలేదు. జొన్నకంకిని, సజ్జకంకిని, కొఱ్ఱకంకిని అట్లే వ్రేలగట్టవచ్చును. కుచ్చులో నొక సూక్ష్మ మున్నది. కంకిని పట్టుకొని తలక్రిందుగా వ్రేలాడగల పిచ్చుకకు మాత్రమే అది యనుకూలము. బరువైన కాకికిని, పావురమునకును అందదు. పళ్ళెములో పోసిన గింజలనైతే బలవంతులే ముందు తినిపోవుదురు. పిగిలిపిట్టలకును గోరువంకలకును మాగిన బొప్పాయిముక్క, జామపండు చాలును. ఉప్పు, నూనె తగిలిన వంటకములు, పాచిపోయిన అన్నము మాత్రము పెట్టరాదు.

మేత లేకున్నను నీరుండవలెను. పలనాటి రెంటచింతల యెండల పేరు వినని వారుండరు. అట్టి వేసవిలో రెండంగుళముల లోతు మించని మట్టిమూకుడు, నడుమ నొక రాయి, ప్రతిదినము క్రొత్తనీరు, ఇంతయే కావలసినది. దోమలు పెరుగునని భయపడువారికి రోజూ నీరు మార్చుటయే సమాధానము. మూకుడును పొదకు మరీ దగ్గఱగా నుంచరాదు, పిల్లి పొంచియుండును.

ఇక మిరపకాయ సంగతి. మన నోటిని మండించు పండుమిరపను రామచిలుక ముక్కుతో చీల్చి గింజలతోసహా సుఖముగా తినును. దానికి కారము తెలియదా యని కల్లములలో పలువురు ఆశ్చర్యపడుట మేము వినియున్నాము. నిజముగా తెలియదు. మిరపలోని క్యాప్సైసిన్ అను పదార్థము మనకును, ఎలుకలు ఉడుతలు మున్నగు జంతువులకును నిప్పువలె తోచును. పక్షుల నాడులు ఆ పదార్థమునకు చలింపవు. టూక్స్‌బరీ, నభన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు అచ్చటి అడవిమిరపను పరీక్షించి 2001లో ఒక వ్యాసము ప్రకటించిరి. ఎలుకలు ఆ కాయలను ముట్టవనియు, పక్షులు తిని విడిచిన గింజలు చక్కగా మొలకెత్తుననియు అందు చూపిరి. కాబట్టి కారము మనకొఱకు పుట్టినది కాదు. ఎలుకను తఱిమి పక్షిని పిలుచుటకు మొక్క చేసికొన్న యేర్పాటు. అమెరికాలో కొందఱు పక్షుల గింజలకు కారపుపొడి పట్టించి ఉడుతలను దూరముగా నుంచుదురట! మన యిండ్లలో ఆ యుపాయము వలదని మా యభిప్రాయము. కారము గాలికి లేచి బిడ్డల కన్నులబడును. ఉడుత నాలుగు గింజలు తినిన తినుగాక.

చిలుకను తిట్టుకొను మిరపరైతులకు మఱియొక సంగతి. 2018లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము రామచిలుకనే రాష్ట్రపక్షిగా ప్రకటించినది. దానిని పట్టి పంజరములో పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. ముచ్చటకు పంజరము కొను సోదరీమణులు పలువురు ఈ సంగతి నెఱుగరు. పంజరమునకు బదులు సెల్‌ఫోనును చేతబట్టుడని మేము కోరుదుము.

ఛాయాచిత్రమునకు ఖరీదుగల యంత్రమే కావలెనని తలపరాదు. మొదట కావలసినది ఒక ఎండుకొమ్మ. దానిని మేతకు రెండు మూడడుగుల దూరమున నేలలో పాతవలెను. పక్షి తిన్నగా మేతమీద వ్రాలదు. ముందు దగ్గఱనున్న కొమ్మపై వ్రాలి, అటునిటు చూచి, ధైర్యము కలిగిన పిదప దిగును. ఆ రెండు క్షణములే మనవి. పళ్ళెములో గింజలమధ్య తల వంచిన పిచ్చుక బొమ్మకంటె కొమ్మపై తలయెత్తిన పిచ్చుక బొమ్మ ఎంతయో శోభించును. కొమ్మ వెనుకభాగమున పచ్చని చెట్టో, నీడపడిన గోడయో దూరముగా నుండవలెను. బట్టలతీగె ఉండరాదు.

రెండవది కిటికీ. వెలుతురు తక్కువగానున్న గదిలో కిటికీకి కొంచెము వెనుకగా కూర్చున్నచో పక్షికి మన కదలిక కనబడదు. ఉదయము ఎండ యేటవాలుగా పడు రెండు గంటలు మంచివి. నడిమధ్యాహ్నపు ఎండలో నల్లపిట్ట మసిముద్దవలె పడును. సూర్యుడు మన వీపువైపున నుండవలెను. పక్షి కన్ను స్పష్టముగా పడినచో తోక కొంత మసకబారినను బొమ్మ బ్రతుకును. కన్ను తప్పినచో తక్కినదంతయు వృథా.

సెల్‌ఫోనులో దూరపుబొమ్మను సాగదీసినచో పొడిపొడిగా విఱుగును. దానికంటె ఫోనును కొమ్మ దగ్గఱ ఒక ఇటుకమీద నిలిపి, చలనచిత్రము పట్టునట్లు చేసి, మనము లోపలికి వచ్చి పప్పు ఎసట్లో పోసికొనుట మేలు. మరల వెళ్ళి చూచునప్పటికి ఎన్ని చిత్రములు దొరకునో చెప్పలేము. ఇంటిలో పెద్ద కెమేరా యున్నవారు 300 లేక 400 మిల్లీమీటర్ల కటకమును తొడిగి, సెకనులో వేయవవంతు వేగమునకు త్రిప్పియుంచినచో రెక్కల కదలిక నిలుచును. మెఱుపుదీపము వలదు.

ఈ విద్య స్త్రీలకు క్రొత్తది కాదు. ఇంగ్లండులో ఎమ్మా టర్నర్ అను నామె 1900 ప్రాంతమున బరువైన గాజుపలకల కెమేరాతో పక్షుల చిత్రములు తీయ నారంభించెను. నార్ఫోకు మండలపు చిత్తడినేలలలో పడవయింటిలో కాపురముండి, 1911లో బిట్టర్న్ అను కొంగజాతి పక్షి పిల్లను చిత్రించెను. ఆ దేశమున గూడుపెట్టుట మానివేసినదని తలపబడిన పక్షి తిరిగి వచ్చి పిల్లలను చేసినదనుటకు ఆ చిత్రమే సాక్ష్యమయ్యెను. మనదేశమున జమాల్ ఆరా అను నామె రాంచీ ప్రాంతపు పక్షులను పరిశీలించి, బాలబాలికలకై రచించిన పక్షిపరిశీలన గ్రంథమును నేషనల్ బుక్ ట్రస్టు 1970లో ప్రచురించెను. పక్షిశాస్త్రమున సలీం ఆలీ పేరు వినినంతగా ఈమె పేరు మనవారు వినకపోవుట విచారకరము.

సాక్ష్యమంటిమి. పెరటి చిత్రములలోనికెల్ల మాకు విలువైనది పక్షి ముక్కున నేమున్నదో చూపు చిత్రము. గూటికి పోవు పిచ్చుకను చిత్రించి, ఆ చిత్రమును పెద్దదిచేసి చూడుడు. మనము పోసిన నూక కనబడదు. పచ్చని పురుగో, చిమ్మటయో, సాలెపురుగో కనబడును. ఎదిగిన పిచ్చుక గింజలతో జీవించునుగాని, గుడ్డునుండి వెడలిన పిల్లకు మొదటి దినములలో పురుగులే ఆహారము. పిల్ల సుమారు రెండు వారములలో గూడు విడువవలెను. అంత త్వరగా పెరుగుటకు కావలసిన మాంసకృత్తులు గింజలలో చాలినన్ని లేవు. వసారాలో ఎన్ని కుచ్చులు కట్టినను, పెరటిలో పురుగు లేకున్నచో గూటిలోని పిల్ల నిలువదు. పెరటి కూరపాదులకు ఆకులమీద మందు కొట్టునపుడు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను. పొలమున కూడ ఇంతే. చీలిన తోకగల నల్లని ఏట్రింత పత్తిచేలో పాతిన కఱ్ఱపై కూర్చుండి పురుగులను ఏఱి తినుననియే రైతులను పంగలకఱ్ఱలు పాతుడని వ్యవసాయాధికారులు చెప్పుచుందురు.

ఇంతకంటె ముఖ్యమైనది విత్తనపు సంచి. తొలకరిలో ప్రత్తి, మొక్కజొన్న, జొన్న విత్తనములు ఎఱుపు, గులాబి, నీలము మున్నగు రంగు పట్టించి వచ్చును. ఆ రంగు ఇవి తినుటకు కావను గుఱుతు. దానితోపాటు పురుగుమందును పట్టించియుందురు. ఇమిడాక్లోప్రిడ్ అను మందు అట్టివానిలో నొకటి. పొలమునుండి వచ్చిన మగవారు మిగిలిన గుప్పెడు గింజలు వసారాలో పెట్టుదురు. వృథాచేయనేల యని మనము పిట్టలకు చల్లుదుము. పిచ్చుకవంటి చిన్నప్రాణికి అట్టి గింజలు కొలదియే ప్రాణాంతకము. కడిగి వేయుట వలన మందు పోదు. మిగిలిన విత్తనములను బిడ్డలకు, కోళ్ళకు, పక్షులకు అందకుండ నుంచి, సంచిమీద వ్రాసిన విధమున తీసివేయవలెను. ఆ ఖాళీసంచులలో మేతగింజలు పోయుట గాని, వానిమీద వడియములు పెట్టుట గాని కూడదు.

మందు పక్షులను చంపునా యని సందేహించువారికి అర్జెంటీనా దేశపు వృత్తాంతము చెప్పవలసియున్నది. ఉత్తర అమెరికాలో గూళ్ళుకట్టి, చలికాలమునకు అర్జెంటీనాకు పోవు స్వెయిన్‌సన్ డేగలు 1995-96లో అచ్చటి పొలములలో వేలకొలది చచ్చిపడెను. మిడుతలపై చల్లిన మోనోక్రోటోఫాసే కారణమని తేలెను. ఆ డేగలు మిడుతలను తినవచ్చినవి. ఆ మందు పేరు మన పత్తిచేలకు క్రొత్తదా? కూరగాయలపై దాని వాడుకను భారతప్రభుత్వము 2005లోనే నిషేధించినది.

పిచ్చుకలు కనబడకుండుటకు సెల్‌ఫోను స్తంభములే కారణమని పలువు రందురు. అందుకు తగిన రుజువు మాకు కనబడలేదు. పక్షిపరిశీలకుల లెక్కలనుబట్టి సిద్ధపఱచి 2020లో ప్రకటించిన భారతపక్షుల నివేదికలో, దేశమంతట చూచినచో పిచ్చుక యించుమించు నిలుకడగానున్నదనియు, మహానగరములలో మాత్రము తగ్గినదనియు వ్రాసిరి. పెంకుటింటి చూరులో, వాసాల సందున దొరకిన చోటు కాంక్రీటు మిద్దెలో దొరకదు. వెదురుబుట్టయో, ఒకటింబాతిక అంగుళము రంధ్రముగల చెక్కపెట్టెయో గోడకు ఎనిమిది పదడుగుల యెత్తున కట్టినచో పిచ్చుక సంతోషముగా దిగును. గదిలో కట్టువారు తిరుగు పంకాకు దూరముగా కట్టవలెను. పంకా రెక్కలు కొట్టి చచ్చిన పిచ్చుకలు లెక్కలేనన్ని.

గూటిదగ్గఱ మాత్రము బొమ్మ తీయరాదు. కుట్టుపిట్ట ఆకులను కుట్టుకొని గూడుకట్టు విధము చూడముచ్చటగానుండును. సాలెగూటిదారముతోను, పత్తిపోగులతోను ఆకు అంచులను కుట్టును. చూతమని ఆకు తొలగించినచో తల్లి గూడు విడిచిపోవచ్చును. కాకియు మనలను గమనించుచుండును. దీపపువత్తులు చేయగా మిగిలిన దూదిపింజలను గులాబిముండ్లకు తగిలించియుంచుడు. పింజ తీసికొని పోవుచున్న కుట్టుపిట్టను దూరమునుండి చిత్రింపవచ్చును. పొడుగు దారములు మాత్రము వలదు, కాళ్ళకు చుట్టుకొనును.

పెరటి పక్షులతో తృప్తిపడని వారు గుంటూరు దాపుననున్న ఉప్పలపాడునకు పోవచ్చును. అది అభయారణ్యము కాదు, సామాన్యమైన పల్లె. ఆ యూరి చెఱువులోని చెట్లపై గూడబాతులును, రంగుకొంగలును గూళ్ళు కట్టును. ఊరివారు వానిని బెదరింపరు. అందువలననే యవి యిండ్ల ప్రక్కనే పిల్లలను పెంచుచున్నవి. గట్టుమీద నిలిచి, కిటికీదగ్గఱ నేర్చిన ఓపికతోనే బొమ్మలు తీయవచ్చును.

పెరటి పక్షులను లెక్కించు ఉత్సవ మొకటి 1998లో అమెరికాలో ఆరంభమై, 2013 నుండి మనదేశమునను జరుగుచున్నది. ఫిబ్రవరి నెలలో నాలుగు దినములు, కనీసము పదునైదు నిమిషములు ఒకచోట కూర్చుండి, కనబడిన పక్షుల పేర్లు, సంఖ్యలు ఈబర్డ్ అను లెక్కలపుస్తకమునకు సెల్‌ఫోనులో పంపవలెను. రుసుము లేదు. అప్పటికి మన కల్లములలో మిరప ఎండుచుండును. కాపలాకు కూర్చున్నవారు పదునైదు నిమిషములకు వేఱుగా తీరిక వెదకుకొననక్కఱలేదు. పేరు తెలియని పిట్ట వచ్చినచో బొమ్మ తీసియుంచుడు. పేరు తరువాత కనుగొనవచ్చును.