దేవుడి గడ్డం ఏ రంగు?

చైనాలో 1850 నుంచి 1864 దాకా సాగిన తైపింగ్ తిరుగుబాటులో సుమారు రెండు కోట్ల మంది చనిపోయారని అంచనా. దానికి నిప్పురవ్వ ఓ క్రైస్తవ ప్రచార పుస్తకం! మిషనరీలూ తిరుగుబాటుదారులూ చదివింది ఒకే బైబిలు. అర్థం చేసుకున్నది మాత్రం ఎవరికి వారే.

• ఆ పుస్తకం రాసిన లియాంగ్ ఫా మొదట అచ్చు కోసం చెక్కదిమ్మలపై అక్షరాలు చెక్కే పనివాడు. 1816లో బాప్తిస్మం పుచ్చుకొని బోధకుడయ్యాడు.

• సర్కారు కొలువుల పరీక్ష రాయడానికి గ్వాంగ్‌జౌ వచ్చిన హాంగ్ షియుచ్వాన్ చేతికి 1836లో ఆ పుస్తకం అందింది. మరుసటేడు పరీక్ష తప్పి మంచం పట్టాడు. బంగారు గడ్డం ముసలాయన ఖడ్గం ఇచ్చినట్టు కల వచ్చింది. 1843లో నాలుగోసారీ తప్పాక పుస్తకం శ్రద్ధగా చదివి, కలలోని ముసలాయన దేవుడేననీ, తాను యేసుకు తమ్ముణ్ననీ తేల్చేశాడు.

• 1847లో అమెరికన్ మిషనరీ ఇస్సాకర్ రాబర్ట్స్ దగ్గర రెండు నెలలు బైబిలు నేర్చుకున్నాడు. బాప్తిస్మం ఇవ్వమంటే రాబర్ట్స్ వాయిదా వేశాడు. హాంగ్ జీతం సంగతి ఎత్తడంతో ఆయనకు అనుమానం వచ్చిందంటారు.

• 1853లో నాన్‌జింగ్ తైపింగ్ తిరుగుబాటుదారులకు రాజధాని అయ్యాక, వారి నాయకుడైన హాంగ్ బైబిలునే సరిదిద్దాడు. నోవహు తాగి పడిపోయిన ఘట్టం పెద్దల పరువుకు తగదని మార్పించాడు.

• 1854లో బ్రిటిష్ యుద్ధనౌక రాట్లర్ వస్తే, తైపింగ్ నేత యాంగ్ షియుచింగ్ ప్రశ్నల చిట్టా పంపాడు. దేవుడి ఎత్తెంత? పొట్ట ఎంత? గడ్డం ఏ రంగు? పద్యాలు చెప్పగలడా, చెబితే ఎంత వేగంగా?

• దేవుడికి రూపం లేదని మిషనరీ జోసెఫ్ ఎడ్కిన్స్ వ్యాసం రాసిచ్చాడు. హాంగ్ దాన్ని చక్రవర్తుల ఎర్రసిరాతో దిద్ది వెనక్కి పంపాడు.

• హాంగ్ బంధువు హాంగ్ రెన్‌గాన్ హాంకాంగ్‌లో పండితుడు జేమ్స్ లెగ్ దగ్గర పనిచేశాడు. 1859లో నాన్‌జింగ్ చేరి ప్రధాని హోదా అందుకున్నాడు. రైళ్లు, బ్యాంకులు, పత్రికలు కావాలని ప్రణాళిక రాశాడు.

• 1860లో రాబర్ట్స్‌ను శిష్యుడే నాన్‌జింగ్‌కు రప్పించుకున్నాడు. పరమ తండ్రికి మొక్కమని దర్బారులో కేక వినపడగానే గురువు మోకరిల్లాడు. తీరా చూస్తే ఎదురుగా ఉన్నది సింహాసనం మీది హాంగ్! తన బోధ వింటాడని రాబర్ట్స్ అనుకున్న శిష్యుడు, తన మతమే ప్రచారం చేయమన్నాడు. 1862లో రాబర్ట్స్ అక్కణ్నుంచి బయటపడి, హాంగ్‌కు పిచ్చని పత్రికకెక్కాడు.