ఎవరి నడుగవలెను?

ఇంటిలో పుట్టిన సందేహము ఇంటిలోనో, ఊరిలోనో తీరుట మన పూర్వాచారము. బిడ్డకు జ్వరము తగిలినచో ఇంటి ముసలమ్మ నడిగెడివారు. పైరు చెడినచో పక్కచేని రైతు నడిగెడివారు. పట్టా తగవున కరణము నడిగెడివారు. నేడట్లు కాదు. పులివెందుల ప్రాంతమున అరటితోటకు నీరు కట్టుచున్న రైతు గట్టుపై కూర్చుండి, పండుబారిన ఆకును ఫోనులో బొమ్మ తీసి, ఊరు పేరు తెలియని మనుష్యులకు పంపి, ఇది యేమి తెగులని యడుగుచున్నాడు. ఘడియ గడువకముందే పది ప్రత్యుత్తరములు వచ్చుచున్నవి. ఈ క్రొత్త యలవాటు మేలైనదా, కీడైనదా యని ఆలోచించుట అవసరము.

అపరిచితుని అడుగుట యవమానము కాదు. క్రొత్తయు కాదు. 1691లో జాన్ డంటన్ అను పుస్తక విక్రేత లండను నగరమున ఒక పత్రికను స్థాపించి, పాఠకులు పంపు ప్రశ్నలకు ప్రత్యుత్తరములు ప్రకటించెను. అడుగువారు తమ పేరు చెప్పనక్కర లేదు. మన తెలుగునాట ఆంధ్రప్రభ వారపత్రికలో శ్రీమతి మాలతీ చందూరు నిర్వహించిన ప్రమదావనము దశాబ్దముల పర్యంతము ఇట్టి పనియే చేసినది. అత్తతో, భర్తతో చెప్పుకొనలేని సంగతులను స్త్రీలు ఉత్తరములలో వ్రాసి, కన్నెత్తి చూచి యెరుగని యామెను అడిగిరి. పరిచితునకు మన కథ తెలియును. అందుచేతనే ఒక్కొక్కప్పుడు నోరు రాదు. అపరిచితునకు మనతో గట్టు తగాదా లేదు, వియ్యము లేదు, అప్పు లేదు. ఇది యొక మేలు.

ఊరిలో ప్రత్యుత్తర మిచ్చువారును తగ్గిపోయిరి. 1984లో కరణముల, మునసబుల పరంపర పదవులు రద్దయినవి. పోయినందుకు విచారపడవలసిన పనిలేదు; కరణము చెప్పు జవాబులో కరణము లాభమును కొంత కలిసియుండుట పెక్కుచోట్ల అనుభవమే. కాని ఆ చోటున నిలిచి, అడిగినవానికి తెలియునట్లు చెప్పు మనుష్యుడు మరల ఏర్పడలేదు. ఖాళీగా నున్న పీఠముపై అపరిచితుడు వచ్చి కూర్చుండెను.

కడప మండలమునకే ఈ విషయమున ఒక గొప్ప పాఠము కలదు. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను పరదేశి. ఆయన అడిగినవారందరును ఆయనకు అపరిచితులే. అయినను ఆయన యొక్కని మాట పట్టుకొని తృప్తి చెందలేదు. ఒక్కొక్క గ్రంథమునకు పెక్కు తాళపత్ర ప్రతులను తెప్పించి, పండితులను జీతమిచ్చి కూర్చుండబెట్టి, ప్రతికిని ప్రతికిని గల భేదములను సరిచూపించి, పిమ్మట పాఠమును నిర్ణయించెను. 1852లో వెలువడిన ఆయన తెలుగు నిఘంటువు నేటికిని నిలిచియుండుటకు ఈ పద్ధతియే కారణము. అపరిచితుల నడిగినందున ఆయన చెడలేదు, సరిచూచుకొనినందున బాగుపడెను.

మనము సరిచూచుకొనుచున్నామా? ప్రశ్న యంతయు ఇక్కడనే యున్నది. ఫోనులోని యపరిచితునకు మన నేల తెలియదు. వర్షము మెండుగాగల సీమలలో నేల పులిసిపోవును. అచ్చట సున్నము చల్లుట మేలు. ఆ సీమవాడు తనకు మేలైన దానినే వేముల రైతునకు చెప్పును. వేముల ప్రాంతపు నేల క్రిందనున్నది సున్నపురాయియే. వేంపల్లె పేరుతో భూగర్భ శాస్త్రజ్ఞులు పిలుచు రాతివరుస అది. సున్నము హెచ్చైన నేలలో ఇనుము, జింకు ఉన్నను మొక్కకు అందవు, ఆకు పండుబారును. అట్టి చేనిలో ఇంకను సున్నము చల్లినచో రోగమునే ఎరువుగా వేసినట్లగును. చెప్పినవాడు అబద్ధమాడలేదు. తన యూరి నిజమును మన యూరికి పంపెను.

ఆకు సంగతి ఇట్లుండగా, నీటి సంగతి ఇంతకంటె గడ్డు. వేముల మండలములోని తుమ్మలపల్లెయందు భారత యురేనియం సంస్థవారి గనియు, కర్మాగారమును గలవు. 2007లో శంకుస్థాపన జరిగినది; 2012లో పని ప్రారంభమైనది. 2011లో అణుశక్తి సంఘాధ్యక్షులు ఇచ్చటి నిక్షేపము 49 వేల టన్నులని నిర్ధారణ యైనదనియు, లక్షా యేబది వేల టన్నుల వరకు ఉండవచ్చుననియు ప్రకటించిరి. ఇచ్చటి ఖనిజము సున్నపురాతిలో నిమిడియున్నది గనుక ఆమ్లముతో గాక సోడా ద్రావకములతో, ఒత్తిడిలో దానిని కరగించి తీయుదురు. తీయగా మిగిలిన వ్యర్థమును గొట్టముల ద్వారా పెద్ద గుంటకు పంపుదురు. ఆ గుంటనుండి ఊట దిగి బోరుబావుల నీరు చెడినదనియు, అరటి, చీనీ తోటలు పాడైనవనియు కొట్టాల మొదలగు గ్రామముల రైతులు మొరపెట్టిరి. సంస్థవారు కాదనిరి. 2019 ప్రాంతమున రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలివారును విచారణకు పూనుకొనిరి.

ఈ పల్లెలలో ఇల్లాలికి నిత్యము కలుగు ప్రశ్న యొక్కటియే: ఈ బిందెలోని నీరు బిడ్డకు పోయవచ్చునా? ఇంతకంటె సామాన్యమైన ప్రశ్న లేదు. ఫోనులో అడిగినచో, కాచి త్రాగుడని పదిమంది చెప్పుదురు. కలరా క్రిములున్న నీటికి ఆ మాట అమృతము. కాని యురేనియము గాని, ఫ్లోరైడు గాని కరగియున్న నీటిని కాచినచో ఆవిరియై పోవునది నీరే. విషమంతయు మిగిలిన నీటిలోనే నిలిచి, మునుపటికంటె చిక్కబడును. ప్రాణము కాపాడుటకు చెప్పిన మాటయే ఇచ్చట హాని కావచ్చును. ఆర్.ఓ. యంత్రము దానిని చాలవరకు తగ్గించును. ఆ యంత్రము సరిగా పనిచేయుచున్నదని తెలియుటకు మరల పరీక్షయే శరణ్యము.

పరీక్ష చేయించినను చిక్కు తీరదు. త్రాగునీటిలో లీటరునకు 30 మైక్రోగ్రాముల యురేనియము వరకు ఉండవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది. మన అణుశక్తి నియంత్రణ మండలివారు పూర్వము 60 అని నిర్ణయించిరి. ఒక బావిలో 45 తేలినదనుకొందము. ఒక యపరిచితుడు భయపడుమనును, ఇంకొకడు నిశ్చింతగా నుండుమనును. ఇద్దరి చేతిలోను ఒక్కొక్క పెద్దసంస్థ లెక్క యున్నది. ఈ రాతినేలలో గని త్రవ్వకమునుపే కొంత యురేనియము నీటిలో ఉండుటకును వీలున్నది. కాబట్టి ఒక సీసా నీటితో గనిని దోషియని గాని, నిర్దోషియని గాని తేల్చరాదు. గుంటకు మీదను, దిగువను గల బావులు, వానకు ముందును, వాన తరువాతను, ఏటేట ఒకే పద్ధతిని పరీక్షింపబడవలెను. తొలినాటి లెక్క పక్కన నేటి లెక్క నుంచి చూడవలెను.

ఈ పని రైతు చేయగలడా? ఫోనులోని యపరిచితుడు చేయగలడా? చేయగలవారు వేరే యున్నారు. వారికి ప్రయోగశాలలున్నవి, జీతములున్నవి, చట్టము విధించిన బాధ్యత యున్నది. లోపము అడుగువానిది కాదు, చెప్పవలసినవాని మౌనమున నున్నది. నమూనాలు తీసికొనిపోవువారు వచ్చిరి, పోయిరి. ఫలితము ఇంటి గుమ్మమునకు రానంతకాలము ఇల్లాలు దిక్కులేక ఎవరినో ఒకరిని అడుగుచునే యుండును. 2005 నాటి సమాచార హక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ కార్యాలయము 30 దినములలో బదులు చెప్పవలెను. ప్రాణమునకు సంబంధించినదైనచో 48 గంటలలోనే చెప్పవలెను. దేశరక్షణ రహస్యములకు చట్టమే మినహాయింపు నిచ్చినది. త్రాగు బావినీరు దేశరక్షణ రహస్యము కాజాలదు. ఏ బావి, ఏ తేది, ఎంత పరిమాణము, ఎవరు పరీక్షించిరి యను నాలుగు సంగతులు తెలుగులో వ్రాసి పంచాయతి కచేరి గోడమీద అంటించినచో చాలును. దానికి కోట్లు అక్కరలేదు.

అడుగువారికిని మూడు నియమములు కావలెను. చెప్పువాని పేరును ఊరును తెలిసికొనుడు. ఎట్లు తెలిసినదని యడుగుడు. మన నేలలో, మన నీటిలో దానిని చూచినవారెవరైన నున్నారేమో విచారింపుడు. ఈ మూడింటికిని నిలిచిన మాటను వినవచ్చును. నిలువనిదానిని విని విడువవచ్చును. పైరు విషయమున 2004లో కేంద్రప్రభుత్వమువారు నెలకొల్పిన కిసాన్ కాల్ సెంటరు తెలుగులో బదులు చెప్పును. కడప సమీపమున ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రము గలదు. అచ్చట కూర్చుండువారును మనకు అపరిచితులే. కాని వారు చెప్పిన మాటకు జవాబుదారులు.

చదువుకొనిన భూస్వాములును, పట్టణవాసులును ఈ పనిలో వెనుకంజ వేయరాదు. తమ ఇండ్లకు సీసానీరు వచ్చుచున్నదని ఊరకుండుట ధర్మము కాదు. దరఖాస్తు వ్రాయుటకు చేయి కావలెను, వచ్చిన నివేదికను చదివి వినిపించుటకు గొంతు కావలెను. ఆ పని చేసినవాడు ఊరికి మరల ఒక నమ్మదగిన మనుష్యుని ఇచ్చినవాడగును. అప్పుడును జనులు ఫోనులో అడుగుదురు, అడుగనిండు. బిడ్డ దాహమునకు మాత్రము జవాబు ఊరిలోనే దొరకవలెను.