సోమశిల రేవున ఒక సాయంకాలం

సముద్రం చూడని వాళ్ళు మా పాలమూరు సీమలో చాలామంది ఉన్నారు. అటువంటి వారిని నేను సోమశిలకు పొమ్మంటాను. కొల్లాపురం దాటి పట్టుమని పది కిలోమీటర్లు పోకముందే రోడ్డు నల్లమల కొండల మధ్యకు దిగి, నీటి ముందు నిలిచిపోతుంది. ఒడ్డున బోర్లించిన పుట్లు, ఆరవేసిన వలలు, చేపలు వేయిస్తున్న వాసన. అవతలి గట్టున సిద్ధేశ్వరం కొండలు. ఒకసారి మా కళాశాల పిల్లలను తీసుకుపోతే, ఒక కుర్రవాడు దోసెడు నీళ్ళు నోట పోసుకొని, ఉప్పగా లేవేమని అడిగినాడు!

కృష్ణమ్మ ఇక్కడ మొదటినుంచీ ఇంత వెడల్పు కాదు. శ్రీశైలం ఆనకట్ట పని 1960లో మొదలయింది. 1981లో ముంపు గ్రామాలను ఖాళీ చేయించినారు. ఏరు కాస్తా సాగరమై పైకి ఎగదన్నింది. కాబట్టి సోమశిలలో మనం చూచే పాతదనం చోటు మారిన పాతదనం. లలితా సోమేశ్వరస్వామి ఆలయాన్ని ముంపు తప్పించి మిట్టకు తెచ్చినారు. ద్వాదశ జ్యోతిర్లింగాలకు ప్రతిగా పన్నెండు లింగాలు ఆ ఆవరణలోనే ఉన్నవి. జటప్రోలు మదనగోపాలస్వామి, అలంపురం చేరిన కూడవెల్లి సంగమేశ్వరుడు కూడా ఇట్లా ఇల్లు మారినవారే. రాళ్ళకు అంకెలు వేసి, ఒక్కొక్కటే విప్పి, మరొకచోట ఆ వరుసనే పేర్చడం సామాన్యమైన పని కాదు. దేవుళ్ళ ఇళ్ళకు అంత ఓపిక దొరికింది, సంతోషమే. మనుషుల ఇళ్ళకు అంకెలు వేసినవారు ఎవరు?

మా అమ్మ పుట్టినిల్లు ఆ నీటి కిందనే ఉన్నది. మా తాత దూలాలు, దర్వాజలు బండి కెత్తించుకున్నాడట; గోడలు రావు గదా!

కదలని గుడి ఒకటున్నది. ఎదుటి గట్టు వైపు సంగమేశ్వరం ఏడాదిలో చాలాకాలం మునిగి ఉండి, ఎండాకాలం నీరు తీసినప్పుడు పైకి తేలుతుంది. అక్కడి లింగం వేపమానుది. అప్పుడు భక్తులు పడవలెక్కి పోతారు.

మొన్న మాఘంలో అమ్మను తీసుకుపోయినాను. చెయ్యెత్తి దూరంగా ఒక దిక్కు చూపించి, మా ఊరు తేలిందా నాయనా అని పుట్టివాణ్ణి అడిగింది. “ఇంకా రెండు నెల్లు ఆగాలె పెద్దమ్మా. అప్పుడు గోడలు అగుపిస్తయి,” అన్నాడతను.

ఎక్కించుకొని తిప్పుతానన్నా ఆమె ఎక్కలేదు. 2007 జనవరిలో ఈ కృష్ణలోనే పడవ మునిగి అరవై మందికి పైగా పోయినారు. ఆ భయం ఈ ప్రాంతపు ఆడవాళ్ళకు ఇంకా తీరలేదు. వంతెన కోసం జనం ఎన్నాళ్ళుగానో అడుగుతూ రాగా, 2022లో సోమశిల-సిద్ధేశ్వరం తీగల వంతెనకు కేంద్రం అనుమతి ఇచ్చింది. ఆ సంగతి చెప్పి, ఇక పడవ భయం ఉండదులే అన్నాను.

అమ్మ నీటి వైపు చూస్తూనే అడిగింది: “దాని మీద నిలబడితే మన ఊరు అగుపిస్తదారా?”