తోమితే పోని మసి

విప్పి బల్ల మీద పెడితే మెకానికల్ వేప్ అనే ఈ-సిగరెట్‌లో చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. రాగితోనో ఇత్తడితోనో చేసిన జానెడు కూడా లేని గొట్టం, లోపల ఒక లిథియం బ్యాటరీ, అడుగున బటన్, పైన లోహపు తీగ చుట్ట, ఆ చుట్టలో దూర్చిన దూది. బటన్ నొక్కగానే గొట్టమే వైరుగా మారి కరెంటును తీగకు చేరవేస్తుంది. తీగ వేడెక్కి, దూది పీల్చుకున్న ద్రవం ఆవిరై లేస్తుంది. చిప్పు లేదు, ఫ్యూజు లేదు. అందుకే దీన్ని వాడేవాళ్లు మరలు తుడవడం, కాంటాక్టులు రుద్దడం, దూది మార్చడం, తీగను కాల్చి కడగడం గురించి అంతగా మాట్లాడుకుంటారు. వినడానికి అదంతా శ్రద్ధలాగే ఉంటుంది. కానీ ఏ యంత్రమైనా తనను ఎందుకింతగా తోమించుకుంటోందో ఆరా తీస్తే, దాని గుట్టు ఆ మురికిలోనే దొరుకుతుంది.

దీని పుట్టుక ఇటీవలిదేమీ కాదు. పెన్సిల్వేనియాకు చెందిన హెర్బర్ట్ గిల్బర్ట్ పొగాకు లేని, పొగ రాని సిగరెట్‌కు 1963లో దరఖాస్తు చేసి 1965లో పేటెంటు పొందాడు. అది బజారుకు రాలేదు. 2003లో చైనా ఫార్మసిస్టు హోన్ లిక్ రూపొందించిన పరికరంతోనే ఈ-సిగరెట్ ప్రపంచం మీద పడింది. ఆ ఈ-సిగరెట్ల చిన్న బ్యాటరీలు చాలక, ఔత్సాహికులు టార్చిలైటు గొట్టాల్లో పెద్ద బ్యాటరీలు దూర్చి సొంతంగా పరికరాలు కట్టుకున్నారు. తర్వాత కంపెనీలు కరెంటును అదుపు చేసే చిప్పులు చేర్చాయి. అయినా దట్టమైన ఆవిరి మీద మోజున్నవాళ్లు చిప్పు లేని గొట్టాన్ని వదల్లేదు. అంటే, కాపలాదారు వచ్చాక కూడా వద్దని పంపేసిన యంత్రమిది.

కాపలా లేకపోతే ఏమవుతుందో ఉస్మానియా క్యాంపస్‌లో ఫిజిక్సు చదివే ఏ విద్యార్థి అయినా ఓమ్ సూత్రంతో లెక్కగట్టగలడు. నిండా ఛార్జయిన బ్యాటరీ 4.2 వోల్టులు. తీగ నిరోధం 0.2 ఓమ్‌లైతే 21 ఆంపియర్లు ప్రవహిస్తాయి, శక్తి 88 వాట్లు. ఇప్పుడు మరల్లో కిలుము పట్టి మరో 0.05 ఓమ్‌లు తోడైందనుకుందాం. ప్రవాహం 16.8 ఆంపియర్లకు పడిపోతుంది. అందులో 14 వాట్లు ఆ కిలుము దగ్గరే వేడిగా మారతాయి. రేడియో మెకానిక్ చేతిలోని 25 వాట్ల సాల్డరింగ్ ఐరన్‌ను తలుచుకుంటే, అందులో సగానికి పైగా వేడి అరచేతిలో పట్టుకున్న గొట్టంలో పుడుతోందన్నమాట. మధ్యనున్న ప్లాస్టిక్ రింగు ఆ వేడికి మెత్తబడినా, బ్యాటరీ పైతొడుగు చిరిగినా నేరుగా షార్టు సర్క్యూటే. అప్పుడు బ్యాటరీ నుంచి వెలువడే వాయువులు బయటికి పోవాల్సిన రంధ్రాలు జిడ్డుతో మూసుకుపోయి ఉంటే గొట్టం బాంబుతో సమానం. 2018లో ఫ్లోరిడాలో ఒకరు, 2019లో టెక్సస్‌లో 24 ఏళ్ల యువకుడు వేప్ పేలి చనిపోయారు.

‘అందుకేగా శుభ్రం చేసుకోమనేది’ అనవచ్చు. నిజమే, చింతపండులోని ఆమ్లం రాగి చెంబుకు పట్టిన కిలుమును కరిగించినట్టే గొట్టం మరల్నీ మెరిపిస్తుంది. కడిగి, పూర్తిగా ఆరబెట్టి, చిరిగిన తొడుగు మార్చుకుంటే ప్రమాదం తగ్గుతుంది కూడా. కానీ ప్రెషర్ కుక్కర్‌ను చూడండి. వెయిట్ రంధ్రం శుభ్రంగా ఉంచుకోమని చెబుతూనే, మనం మరిచిపోయే రోజు కోసం మూతకు సేఫ్టీ వాల్వు కూడా పెట్టారు. మంచి యంత్రం మనిషి మతిమరుపును ముందే లెక్కలోకి తీసుకుంటుంది. ఇక్కడ వాల్వు తీసేసి ఆ పని వాడేవాడి గుడ్డపేలికకు అప్పగించారు. ఫ్యూజు పోయినచోట రాగితీగ చుట్టి, దాన్ని రోజూ తుడుస్తున్నాం కాబట్టి భయం లేదనడం లాంటిదిది.

చేతి సంగతి అలా ఉంచితే, ఊపిరితిత్తుల సంగతి తోమడానికి అందేది కాదు. ద్రవంలో ఉండేవి ప్రధానంగా ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. ‘ఇవి తినే పదార్థాల్లోనూ వాడతారుగా’ అన్నది తరచు వినిపించే సమర్థన.  కానీ ఏది తినవచ్చో తేల్చే శాస్త్రం పొట్ట గురించి మాట్లాడుతుంది. పొట్టకు జీర్ణరసాలున్నాయి, కాలేయం కాపలా ఉంది. గాలి గదులకు అవేవీ లేవు. పైగా గ్లిజరిన్ అతిగా కాగితే అక్రోలిన్ పుడుతుంది. మాడిన నూనె దగ్గర కళ్లు మండించే ఘాటు అదే. దూది ఎండిన చోట వచ్చే మాడు వాసనకు అర్థం కూడా అదే. 2018లో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు సీసాలోని ద్రవాన్నీ, తీగను తాకి వచ్చిన ఆవిరినీ పోల్చి చూస్తే, ఆవిరిలో సీసం, నికెల్, క్రోమియం వంటి లోహాలు ఎక్కువగా కనిపించాయి. అంటే మచ్చలేని కొత్త తీగ కూడా ఆవిరిలోకి లోహం చేరే దారే. తీగ మీద గట్టిపడిన నల్లటి మసిని కడగగలం. అది పట్టేలోపు ఆవిరితో పాటు లోపలికి వెళ్లినదాన్ని ఏ సబ్బుతో కడుగుతాం?

సిగరెట్‌తో పోలిస్తే ఇది మేలు కాదా అన్నది బలమైన అభ్యంతరమే. మండే పొగాకు పొగలో విషాలు ఇంతకంటే చాలా ఎక్కువ, పొగతాగడం మానలేని పెద్దల్లో కొందరికి ఆ అలవాటు మానడానికి ఈ-సిగరెట్ తోడ్పడిందని పరీక్షలూ చెబుతున్నాయి. అయితే ఆ మేలు సిగరెట్ నుంచి దీనికి మారినవాళ్లది. ఏ అలవాటూ లేని విద్యార్థి మారేది స్వచ్ఛమైన గాలి నుంచి. మన దేశంలో 2019 నాటి ఈ-సిగరెట్ నిషేధ చట్టం వీటి తయారీ, అమ్మకం, ప్రకటన, నిల్వ అన్నిటినీ ఆపింది. మొదటిసారి అమ్మితే ఏడాది వరకు జైలు, లక్ష వరకు జరిమానా లేదా రెండూ. చిప్పు లేనిది ఎలక్ట్రానిక్ ఎలా అవుతుందన్న తెలివికీ చోటు లేదు. ఏ పేరుతో పిలిచినా, ఏ ఆకారంలో ఉన్నా అలాంటి పరికరాలన్నీ నిర్వచనంలోకి వస్తాయి. నిషేధం వల్ల నకిలీ బ్యాటరీలు చాటుగా వస్తాయన్న మాటను కొట్టిపారేయలేం. కానీ దాంతో తేలేది ఒకటే: దొరికే బ్యాటరీ నాణ్యత తెలియనప్పుడు, ఫ్యూజు లేని గొట్టం వాడదగని వస్తువు.

కాబట్టి దీనికి చేయదగ్గ నిర్వహణ ఒక్కసారి చేసేదే. బ్యాటరీ బయటికి తీసి, రెండు కొసలకూ టేపు అతికించి, చెత్తబుట్టలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వాలి. గొట్టం రాగిదే అయితే పాత సామాన్లవాడు తూకానికి తీసుకుంటాడు.